క్వార్టర్ క్లోజింగ్‌కి ముందు చదువుకోండి: ఇన్‌స్పెక్షన్ కంపెనీ మధ్యంతర లెక్కలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని రాయగడ నుంచి పని చేసే ఒక ఇన్‌స్పెక్షన్ కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ప్రెషర్ వెసెల్ (ఒత్తిడి తట్టుకునే ట్యాంకు) గోడ మందం కొలవడం, వెల్డింగ్ అతుకులకు రేడియోగ్రఫీ (ఎక్స్‌రే లాంటి ఫొటో) తీయడం, క్రేన్లకు లోడ్ టెస్ట్ చేయడం, కొత్తగా కొన్న యంత్రాన్ని కొన్నవాళ్ల తరఫున చూసి రిపోర్టు ఇవ్వడం మా పని. ఈ పనికి ఇక్కడ కొదవ లేదు. జేకేపూర్‌లో కాగితం మిల్లు, తేరుబాలిలో ఫెర్రో అల్లాయ్స్, టికిరి, దామన్‌జోడి, లంజిగఢ్‌లలో అల్యూమినా రిఫైనరీలు, సునాబెడలో విమాన ఇంజన్ల ఫ్యాక్టరీ ఉన్నాయి. పార్వతీపురం, బొబ్బిలి, సాలూరు వైపు నుంచి బీకాం చదివిన పిల్లలు ఏటా ఇద్దరు ముగ్గురు మా దగ్గర చేరతారు. మొదటి క్వార్టర్ క్లోజింగ్ వచ్చేసరికి అందరికీ అదే టెన్షన్, అవే ప్రశ్నలు. ప్రతిసారీ నోటితో చెప్పే బదులు రాసి పెడుతున్నాను.

మధ్యంతర ఆర్థిక నివేదిక అంటే ఏమిటి సార్? జూన్ 30 నాటికి ట్రయల్ బ్యాలెన్స్ తీస్తే సరిపోదా?

సరిపోదు. ట్రయల్ బ్యాలెన్స్ అంటే ఖాతాలన్నిటి నిల్వల పట్టిక, అందులో ఉండేది మనం ఎక్కించిన వోచర్లే. ఎక్కించనివి అందులో కనబడవు. పని జరిగి బిల్లు పడనివి, ఖర్చయి వోచర్ రానివి, రావని తెలిసీ పుస్తకంలో నిలబడి ఉన్న బాకీలు, వీటన్నిటినీ ఆ తేదీకి తెచ్చి నిలబెట్టాకే అది మధ్యంతర నివేదిక అవుతుంది. మూడు నెలలదైనా, ఆరు నెలలదైనా, పూర్తి ఏడాదికి తక్కువైన కాలానికి తీసే ఆర్థిక నివేదికలన్నీ ఈ కోవలోకే వస్తాయి.

ఇది అందరూ చేయాలని చట్టం ఉందా?

స్టాక్ ఎక్స్ఛేంజీ ప్రధాన బోర్డులో లిస్టయిన కంపెనీకి తప్పదు. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2015 లిస్టింగ్ నిబంధనల్లో 33వ నిబంధన ప్రకారం క్వార్టర్ ముగిసిన 45 రోజుల్లో ఫలితాలు ఇవ్వాలి. చివరి క్వార్టర్‌కి మాత్రం ఆడిట్ అయిన వార్షిక ఫలితాలతో కలిపి 60 రోజులు. మనలాంటి ప్రైవేట్ కంపెనీకి ఆ నిబంధన వర్తించదు. మధ్యంతర నివేదికలకి ఉన్న లెక్కల ప్రమాణాలు ఇండ్ ఏఎస్ 34, ఏఎస్ 25 కూడా ఎవరు ఇవ్వాలో చెప్పవు. ఇచ్చేట్టయితే ఎలా ఇవ్వాలో చెబుతాయి, అంతే.

మరి మనమెందుకు చేస్తున్నాం అంటే, అడిగేవాళ్లు ఉన్నారు కాబట్టి. క్యాష్ క్రెడిట్ (రోజువారీ వ్యాపార ఖర్చులకి వాడుకునే అప్పు) ఇచ్చిన బ్యాంకు అడుగుతుంది. పెట్టుబడి పెట్టినవాళ్లు అడుగుతారు. విదేశీ మాతృసంస్థ ఉంటే ఇక చెప్పనక్కర్లేదు, నెల తిరక్కుండానే మెయిల్ వచ్చి కూర్చుంటుంది.

మాతృసంస్థకి మొదటి క్వార్టర్ అంటే జనవరి-మార్చి, మనకి ఏప్రిల్-జూన్. ఎవరి లెక్క పట్టుకోవాలి?

రెండూ. ఈ రంగంలో పాత పెద్దలు యూరప్‌లోనే ఉన్నారు. బ్యూరో వెరిటాస్ 1828లో ఆంట్‌వెర్ప్‌లో మొదలైంది, ఎస్‌జీఎస్ 1878 నాటిది. ఇద్దరి లెక్కల సంవత్సరమూ డిసెంబరుతో ముగుస్తుంది, వేసవిలో అర్ధ సంవత్సర ఫలితాలు ప్రకటిస్తారు. యూరప్‌లో క్వార్టర్ ఫలితాలను తప్పనిసరి చేయకూడదని 2013లోనే నిర్ణయించారు. అమెరికాలో లిస్టయినవాళ్లకి మాత్రం ఏడాదిలో మొదటి మూడు క్వార్టర్లకీ 10-క్యూ అనే ఫలితాల పత్రం ఉంది, కంపెనీ స్థాయిని బట్టి 40 లేదా 45 రోజుల గడువు.

ఇక్కడ చిక్కు ఎక్కడ వస్తుందంటే మార్చి 31 దగ్గర. మనకి అది ఏడాది ముగింపు, ఆడిటర్ వస్తాడు, ప్రతి బాకీ తిరగేస్తాం. మాతృసంస్థకి అది మొదటి క్వార్టర్ మాత్రమే, నాలుగైదు పనిదినాల్లో అంకెలు పంపెయ్యమంటారు. తర్వాత మే నెలలో మన ఆడిటర్ ఏదైనా సర్దుబాటు చెబితే, అది మన పుస్తకాల్లో మార్చికి పోతుంది, వాళ్ల పుస్తకాల్లో రెండో క్వార్టర్‌లో పడుతుంది. అప్పటి నుంచి రెండు లెక్కల మధ్య తేడా నడుస్తూ ఉంటుంది. ఆ తేడాకి వేరే షీట్ పెట్టి ప్రతి క్లోజింగ్‌కీ కలపండి. మనసులో గుర్తుంటుందిలే అనుకుంటే మళ్లీ డిసెంబరుకి దొరకదు.

పని సెప్టెంబరులో జరిగింది, బిల్లు అక్టోబరులో వేశాం. ఆదాయం ఏ క్వార్టర్‌ది?

నన్ను అందరికంటే ఎక్కువ మంది అడిగేది ఇదే. ఇన్‌స్పెక్షన్ వ్యాపారంలో మధ్యంతర లెక్క అంతా దీని చుట్టూనే తిరుగుతుంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఒక రిఫైనరీలో సెప్టెంబరు 20 నుంచి అక్టోబరు 8 వరకు షట్‌డౌన్ (మరమ్మతులు, తనిఖీల కోసం ప్లాంటు ఆపడం) అనుకుందాం. మనవాళ్లు 12 మంది ఇన్‌స్పెక్టర్లు వెళ్లారు. మ్యాన్‌డే (ఒక మనిషి ఒక రోజు పని) రేటు రూ.4,500. మొత్తం బిల్లు అక్టోబరు 15న వేస్తాం. కొత్తగా చేరిన కుర్రాడు ఏం చేస్తాడంటే, సెప్టెంబరు 20 నుంచి 30 దాకా 11 రోజులు, 12 మంది, మొత్తం 132 మ్యాన్‌డేలు, రూ.5,94,000 అని ఎక్కించేస్తాడు. లెక్క సరిగ్గానే కట్టాడు. కానీ వర్క్ ఆర్డర్ చదవలేదు. మొదటి రోజు గేట్‌పాస్‌కి, సేఫ్టీ ట్రైనింగ్‌కి పోతుంది, దానికి చెల్లింపు లేదని అందులో రాసి ఉంది. ఈ షరతు చాలా ప్లాంట్లలో ఉంటుంది. కాబట్టి 10 రోజులు, 120 మ్యాన్‌డేలు, రూ.5,40,000. ఒక్క వాక్యం చదవనందుకు తేడా రూ.54,000. ఆ మొదటి రోజు జీతం, బస, బండి ఖర్చు మాత్రం సెప్టెంబరులోనే పడతాయి. ఆదాయం లేదని ఖర్చు ఆగదు కదా.

మిగతా 8 రోజుల రూ.4,32,000 డిసెంబరు క్వార్టర్‌కి పోతుంది. సెప్టెంబరు 30 నాటికి ఆ రూ.5,40,000 అన్‌బిల్డ్ రెవిన్యూగా (పని అయి బిల్లు పడని ఆదాయంగా) ఆస్తుల వైపు నిలుస్తుంది. జీఎస్‌టీ అందులో కలపకూడదు. 18 శాతం ఇన్వాయిస్ వేసేటప్పుడు వస్తుంది, అది మన ఆదాయం కానే కాదు.

మ్యాన్‌డే కాకుండా, రిపోర్టు ఇస్తేనే డబ్బు అన్న ఆర్డర్లు ఉంటాయి కదా?

ఉంటాయి, అక్కడ లెక్క మారిపోతుంది. 40 ప్రెషర్ వెసెల్స్ చూడాలి, ఒక్కో రిపోర్టుకి రూ.15,000 అనుకోండి. క్వార్టర్ ముగిసేసరికి మనవాళ్లు 26 వెసెల్స్ చూసేశారు, 18 రిపోర్టులు మాత్రమే ఇచ్చారు. రిపోర్టు చేతికి వచ్చేదాకా క్లయింటుకి ఉపయోగం లేదు, మధ్యలో ఆపేస్తే చేసినంతకి అడిగే హక్కు ఆర్డర్‌లో లేదు అనుకుంటే, ఆదాయం 18 రిపోర్టులకే, రూ.2,70,000. మిగతా 8 వెసెల్స్ మీద నేరుగా పెట్టిన ఖర్చును, అది తిరిగి వస్తుందన్న నమ్మకం ఉంటే, ఆస్తిగా నిలిపి రిపోర్టు ఇచ్చిన రోజున ఖర్చులోకి తేవచ్చు.

అదే ఆర్డర్‌లో "మధ్యలో రద్దు చేస్తే అప్పటిదాకా చేసిన పనికి లాభంతో సహా చెల్లిస్తాం" అని ఉంటే, ఆదాయం గుర్తింపు ప్రమాణం ఇండ్ ఏఎస్ 115 కింద పని జరిగేకొద్దీ ఆదాయం గుర్తించే దారి తెరుచుకుంటుంది. అంటే జవాబు ఇన్‌స్పెక్టర్ దగ్గర లేదు, అకౌంటెంట్ దగ్గరా లేదు, వర్క్ ఆర్డర్‌లో రద్దు షరతు రాసిన పేజీలో ఉంది. ఆ పేజీ ఎవరూ చదవరు. మీరు చదవండి.

పెనాల్టీ షరతు కూడా అక్కడే ఉంటుంది. ఆలస్యానికి వారానికి 0.5 శాతం, మొత్తం మీద 5 శాతానికి మించకుండా అన్నది తరచూ కనబడే లెక్క. రిపోర్టులు ఇప్పటికే మూడు వారాలు ఆలస్యమయ్యాయని తెలిసినప్పుడు, క్లయింటు కోత పెట్టేదాకా ఆగకుండా ఈ క్వార్టర్‌లోనే ఆదాయం లోంచి తగ్గించాలి.

టైమ్‌షీట్ మీద క్లయింటు ఇంజనీర్ సంతకం దొరకలేదు. అప్పుడేం చేయాలి?

ఒకసారి సెప్టెంబరు చివర ఓ ప్లాంటుకి నేనే వెళ్లాను. సంతకం పెట్టాల్సినాయన సీట్లో లేడు. పక్క సీట్లో క్లర్కు తలెత్తకుండా "కాలి ఆసంతు" అన్నాడు, రేపు రండి అని. మర్నాడు వెళ్తే దసరా సెలవులు మొదలయ్యాయి. సంతకం పడింది అక్టోబరు 9న.

దానివల్ల ఆదాయం అక్టోబరుకి పోదు. సంతకం సాక్ష్యం మాత్రమే. మనవాళ్లు పని చేసింది సెప్టెంబరులో అయితే, అడిగే హక్కు అప్పటికే ఉంటే, సంతకం తర్వాత వచ్చినా లెక్క సెప్టెంబరుదే. కాకపోతే క్లోజింగ్ రోజుకి చేతిలో ఇంకేదైనా రుజువు ఉండాలి. గేటు రిజిస్టరు నకలు, వర్క్ పర్మిట్ నంబర్లు, సైట్ ఇంజనీర్ వాట్సాప్‌లో పంపిన రోజువారీ లెక్క, ఏదో ఒకటి. ఏదీ లేకపోతే నేను ఎక్కించను. ఇక సంతకం పడినప్పుడు 120 కాస్తా 114 అయితే, లెక్కలు బోర్డు ముందుకి వెళ్లేలోపైతే సెప్టెంబరు అంకెనే దిద్దాలి. తర్వాత తెలిస్తే, అది అంచనాలో వచ్చిన మార్పుగా తెలిసిన క్వార్టర్‌లో పడుతుంది.

మా పిల్లలకి చెప్పేది ఒకటే. జూన్ మధ్యలో రజో పండుగ, దాని వెనకాలే రథయాత్ర, సెప్టెంబరు-అక్టోబరుల్లో దసరా. ఒడిశాలో రెండు క్వార్టర్ ముగింపులు పండుగల్లో చిక్కుకుంటాయి. 20వ తేదీ దాకా అయిన టైమ్‌షీట్లు 22కల్లా సంతకం చేయించేసుకోండి. చివరి పది రోజులే బాకీ ఉంటాయి.

రెండో తేదీన చూసిన వెసెల్ రిపోర్టు మీద 30వ తేదీ వేస్తే ఆదాయం ఈ క్వార్టర్‌కి వస్తుంది కదా, ఒక్క రోజు రెండు రోజుల తేడాకి ఏమవుతుంది?

ఈ ప్రశ్న పిల్లలు అడగరు. వాళ్ల చేత పైవాళ్లు అడిగిస్తారు.

సరుకు అమ్మే కంపెనీలో చలాన్ తేదీ మార్చడం లెక్కల తప్పు. అది కూడా తక్కువ తప్పేమీ కాదు. మన దగ్గర తేదీ మార్చడమంటే ఇన్‌స్పెక్షన్‌నే తప్పుగా చూపడం. వెసెల్ గోడ పోయినసారి 12 మిల్లీమీటర్లు, ఈసారి 11.4 ఉందనుకోండి. ఆ రెండు తేదీల మధ్య కాలాన్ని పట్టే తుప్పు వేగం కడతారు, ఆ వేగాన్ని పట్టే మళ్లీ ఎప్పుడు చూడాలో నిర్ణయిస్తారు. రిపోర్టు మీద ఉన్న మందం కొలిచే గేజ్ నంబరు, దాని కాలిబ్రేషన్ (కొలత సరిచూడటం) గడువు, ఆ రోజు వర్క్ పర్మిట్, గేటులో ఇన్‌స్పెక్టర్ వేలిముద్ర, ఇన్నిటిలో ఏ ఒక్కటి కలవకపోయినా ఆ రిపోర్టు మీదే కాదు, మనం ఇచ్చిన అన్ని రిపోర్టుల మీదా అనుమానం పడుతుంది.

ఇన్‌స్పెక్షన్ సంస్థల ప్రమాణం ఐఎస్‌ఓ/ఐఈసీ 17020 ఇంకో మాట కూడా చెబుతుంది. ఇన్‌స్పెక్షన్ ఫలితాన్ని ప్రభావితం చేసే పద్ధతిలో ఇన్‌స్పెక్టర్‌కి జీతభత్యాలు ఉండకూడదు. దీనికీ క్వార్టర్ క్లోజింగ్‌కీ సంబంధం ఉంది. "ఈ క్వార్టర్‌లో ఇన్ని రిపోర్టులు దాటితే ఇంత ఇన్సెంటివ్" అన్న పథకం మీ ప్రొవిజన్ల (రాబోయే ఖర్చు, నష్టాలకి ముందే పెట్టే మొత్తాల) షీట్‌లోకి వస్తే, అంకె ఎక్కించే ముందు క్వాలిటీ మేనేజర్‌కి ఒక మాట చెప్పండి. అకౌంట్స్‌కి కనబడేది వాళ్లకి కనబడకపోవచ్చు. క్లోజింగ్ ఒత్తిడి మన గదిలోనే ఆగిపోవాలి, సైట్ దాకా పోకూడదు. రేపు పడాల్సిన ఆదాయం రేపే పడనీయండి.

అన్‌బిల్డ్ ఎంట్రీని తర్వాతి నెల మొదటి రోజునే రివర్స్ (తిప్పి రాసి రద్దు) చేయమంటారు. ఎందుకంత తొందర?

నేను చేయలేదు కాబట్టి. చేరిన రెండో ఏడాది సెప్టెంబరు క్లోజింగ్‌లో రూ.14 లక్షల అన్‌బిల్డ్ ఎక్కించాను. అక్టోబరు 1న తిప్పడం మరిచిపోయాను. అక్టోబరులో అవే పనులకి బిల్లులు పడ్డాయి, మామూలుగా అమ్మకాల్లోకి వెళ్లాయి. ఒకే పనికి రెండుసార్లు ఆదాయం. డిసెంబరు క్వార్టర్ బ్రహ్మాండంగా కనబడింది, అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను. మార్చిలో ఆడిటర్ అన్‌బిల్డ్ ఖాతా వయసు అడిగితే బయటపడింది.

అప్పటికి మూడు క్వార్టర్ల అంకెలు బ్యాంకుకీ బోర్డుకీ పోయాయి. జనవరి-మార్చి క్వార్టర్‌ని విడిగా ఎవరూ కొలవరు. ఏడాది మొత్తం లోంచి తొమ్మిది నెలలు తీసేస్తే మిగిలేదే ఆ క్వార్టర్. లిస్టయిన కంపెనీలు కూడా చివరి క్వార్టర్ అంకెల్ని ఇలా వచ్చిన తేడా అంకెలేనని నోట్ పెడతాయి. అంటే ఏడాదంతా చేసిన పొరపాట్లన్నీ వచ్చి చేరేది అక్కడే. మా రూ.14 లక్షలూ అక్కడే పడ్డాయి, మంచి పని జరిగిన క్వార్టర్ నష్టంలా కనబడింది. బ్యాంకు మేనేజర్ గారికి ఫోన్‌లో అరగంట వివరించాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఎంట్రీ వేసేటప్పుడే రివర్సల్ వోచర్ కూడా ముందు తేదీతో తయారు చేసి పెడుతున్నాను.

వానాకాలంలో పని పల్చబడుతుంది. ఆ క్వార్టర్ నష్టం కనబడకుండా ఆదాయాన్ని కాస్త సర్దొచ్చా?

సర్దకూడదు. ఒక సీజన్లో వచ్చే ఆదాయాన్ని ముందే చూపడం గానీ, తర్వాతికి దాచడం గానీ ఇండ్ ఏఎస్ 34 ఒప్పుకోదు, ఏడాది చివర అలా చేయడం సరైనదైతే తప్ప. జూలై, ఆగస్టుల్లో ఈ కొండల్లో వాన పడితే ఆరుబయట పని ఎక్కడిదక్కడ ఆగుతుంది. మాకు షట్‌డౌన్లు ఎక్కువగా వానలు తగ్గాకే వస్తాయి. అది వ్యాపారం తీరు, దాన్ని దాచాల్సిన అవసరం లేదు.

చదివేవాళ్లకి అర్థమయ్యేలా మాత్రం చెప్పాలి. జూలై-సెప్టెంబరును ఏప్రిల్-జూన్‌తో పోల్చి "30 శాతం పడిపోయింది" అని రాస్తే భయపడతారు. పోయినేడాది జూలై-సెప్టెంబరుతో పోల్చండి. సీజన్ మీద నడిచే వ్యాపారాలు, క్వార్టర్ ముగిసే తేదీ దాకా వెనక్కి లెక్కపెట్టిన 12 నెలల అంకెలు కూడా ఇస్తే మంచిదని ఆ ప్రమాణమే చెబుతుంది. మా బోర్డు పెద్దలు ఇప్పుడు ముందు చూసేది ఆ వరుసనే.

ఏప్రిల్‌లో గేజ్‌లన్నిటికీ కాలిబ్రేషన్ చేయించాం, సర్టిఫికెట్ ఏడాది ఉంటుంది. ఖర్చు నాలుగు క్వార్టర్లకీ పంచొచ్చా?

ఇలాంటి ప్రతి ఖర్చుకీ ఒక్కటే పరీక్ష. ఇదే ఖర్చు మార్చిలో చేసి ఉంటే మార్చి 31న బ్యాలెన్స్ షీట్‌లో ఆస్తిగా నిలిపేవాళ్లమా? లేదంటే జూన్ 30న కూడా నిలపకూడదు. కాలిబ్రేషన్ సేవ అందుకున్నాం, అయిపోయింది, మేమైతే ఆ క్వార్టర్ ఖర్చుగానే రాస్తాం. ఇన్సూరెన్స్ ప్రీమియం వేరు. అది ముందు కట్టి నెలనెలా వాడుకునేది, మార్చి 31న కూడా ముందస్తు ఖర్చుగానే ఉంటుంది, కాబట్టి పంచాలి. నవంబరులో బండ్లకి పెద్ద మరమ్మతు ఉందని జూన్‌లోనే ప్రొవిజన్ పెట్టడం కుదరదు. ఏడాది చివర ఇచ్చే బోనస్, ఇవ్వక తప్పనిదైతే, క్వార్టర్‌కి ఇంత అని పెట్టాల్సిందే.

వీటన్నిటిలో నాకు ఇష్టమైనది ఇరిడియం-192. రేడియోగ్రఫీ కెమెరాలో పెట్టే ఈ రేడియోధార్మిక సోర్సు శక్తి దాదాపు 74 రోజులకి సగమైపోతుంది. 90 రోజుల క్వార్టర్ గడిచేసరికి దాదాపు 43 శాతమే మిగులుతుంది, ఇంకో క్వార్టర్ గడిస్తే 20 శాతానికి లోపే. శక్తి తగ్గేకొద్దీ ఒక్కో ఫిల్మ్‌కి పట్టే సమయం పెరుగుతుంది, రాత్రి షిఫ్టులో తీసే షాట్లు తగ్గుతాయి. పని ఉన్నా లేకపోయినా, కెమెరా స్టోర్ గుంటలో తాళం వేసి ఉన్నా, అది తరిగిపోతూనే ఉంటుంది. అలాంటిదాన్ని కెమెరా ఖరీదుతో కలిపి ఏళ్ల తరబడి డిప్రిసియేషన్ (తరుగుదల) వేసిన పుస్తకాలు నేను చూశాను! సోర్సు ఖరీదు వేరుగా పెట్టి, వాడుకునే కొద్ది నెలల్లోనే ఖర్చు రాయాలి, అదీ మొదటి క్వార్టర్‌లో ఎక్కువ భాగం పడేలా. మొత్తం చిన్నదైతే కొన్నప్పుడే ఖర్చు రాసేయడం కూడా చేస్తారు. ఏ పద్ధతైనా అది మార్చిలోనూ అదే ఉండాలి.

క్వార్టర్ నష్టంలో ఉంటే ఇన్‌కమ్ ట్యాక్స్ సున్నాయేనా?

కాదు. పన్ను ఏడాది మొత్తం మీద ఉంటుంది కాబట్టి, ఏడాదికి పడుతుందనుకునే సగటు రేటును క్వార్టర్ లాభనష్టాలకి వేస్తాం. మొదటి క్వార్టర్‌లో రూ.8 లక్షల నష్టం, ఏడాదికి రూ.60 లక్షల లాభం రావచ్చని అంచనా, రేటు 25.17 శాతం అనుకోండి. మొదటి క్వార్టర్‌లో దాదాపు రూ.2.01 లక్షల పన్ను జమగా కనబడుతుంది. ఏడాది అంచనా మారితే రేటూ మారుతుంది, ఆ తేడా మారిన క్వార్టర్‌లో పడుతుంది.

అడ్వాన్స్ ట్యాక్స్‌తో దీన్ని కలపకండి. జూన్ 15కి 15 శాతం, సెప్టెంబరు 15కి 45, డిసెంబరు 15కి 75, మార్చి 15కి 100. అది కట్టే లెక్క, ఇది చూపే లెక్క.

క్లయింటు కోసిన టీడీఎస్ (మనకిచ్చే డబ్బులోంచి ముందే పట్టుకునే పన్ను) ఖర్చా?

ఆస్తి. సాంకేతిక సేవకి 2 శాతం కోయాలా, వృత్తి సేవగా 10 శాతం కోయాలా అని క్లయింట్లతో వాదన ఎప్పుడూ ఉండేదే. ఎంత కోసినా ఆదాయం పూర్తి మొత్తమే. వాళ్లు టీడీఎస్ రిటర్న్ వేసేది తర్వాతి నెలాఖరుకి, మార్చి క్వార్టర్‌దైతే మే నెలాఖరుకి కాబట్టి, క్వార్టర్ ముగిసిన వారంలో 26ఏఎస్ (పన్ను శాఖ దగ్గర మన పేరిట జమైన పన్నుల పట్టిక) తీసి కలవలేదని కంగారు పడొద్దు.

పని అయిపోయి మూడు నెలలైనా బిల్లు వేయలేదు. అన్‌బిల్డ్‌లోనే ఉంచొచ్చా?

జీఎస్‌టీ నియమం ప్రకారం సేవ పూర్తయిన 30 రోజుల్లో ఇన్వాయిస్ వేయాలి, వంతులవారీగా చెల్లించే దీర్ఘకాల ఒప్పందాలకి లెక్క వేరు. పని పూర్తయి, 60 రోజులు దాటి, అన్‌బిల్డ్‌లోనే ఉన్న ప్రతి వరుసకీ నేను కారణం అడుగుతాను. "ఆర్డర్ అమెండ్‌మెంట్ రావాలి సార్" అంటే, ఆర్డర్‌లో లేని పని చేశామన్నమాట. ఆ డబ్బు వస్తుందో రాదో తేలేదాకా అది ఆదాయమని గట్టిగా చెప్పలేం.

పాత బాకీలకి ప్రతి క్వార్టర్ ప్రొవిజన్ పెట్టాలా, మార్చిలో ఒకేసారి చాలదా?

ప్రతి క్వార్టర్. బాకీల్ని వయసును బట్టి విడదీసి, పోయిన కొన్నేళ్లలో ఏ వయసు బాకీ ఎంత శాతం మునిగిందో చూసి ఆ రేట్లు వేస్తాం. రాని బాకీల నష్టం లెక్క చెప్పే ప్రమాణం ఇండ్ ఏఎస్ 109 కింద అన్‌బిల్డ్‌కి కూడా ఇది వర్తిస్తుంది, దాన్ని చాలామంది వదిలేస్తారు.

సూక్ష్మ, చిన్న సంస్థగా ప్రభుత్వ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే, ఒప్పందంలో ఎన్ని రోజులని రాసుకున్నా 45 రోజులకి మించి క్లయింటు ఆపకూడదు. ఆపితే బ్యాంకు రేటుకి మూడు రెట్ల చొప్పున నెలనెలా చక్రవడ్డీ అడగొచ్చని చట్టం ఉంది. అడిగిన కంపెనీకి వచ్చే ఏడాది షట్‌డౌన్ ఆర్డర్ వస్తుందా అన్నది వేరే సంగతి. అందుకే నేను ఆ వడ్డీని ఆదాయంగా ఎక్కించను.

బ్యాంకుకి పంపే స్టేట్‌మెంట్‌కీ క్వార్టర్ లెక్కలకీ తేడా ఉంటే?

ఉండకూడదు. ఉంటే రాతలో కారణం ఉండాలి. వర్కింగ్ క్యాపిటల్ లిమిట్ రూ.5 కోట్లు దాటిన కంపెనీకి, బ్యాంకుకి ఇచ్చిన క్వార్టర్ స్టేట్‌మెంట్లు పుస్తకాలతో కలుస్తున్నాయా అని ఆడిటర్ కారో 2020 (ఆడిట్ రిపోర్టుపై కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు) కింద విడిగా రిపోర్టు చేయాలి. డ్రాయింగ్ పవర్ (బ్యాంకు నుంచి వాడుకోగల మొత్తం) పెంచుకోవడానికి అన్‌బిల్డ్‌ని డెబ్టర్స్‌లో (బిల్లు వేసిన బాకీల్లో) కలిపి పంపడం పాత అలవాటు. ఇప్పుడు అది ఏడాది చివర ఆడిట్ రిపోర్టులో పట్టిక రూపంలో ఎదురొస్తుంది.

లిమిటెడ్ రివ్యూ అంటే చిన్న ఆడిట్ లాంటిదా?

కాదు. ఆడిటర్ ప్రశ్నలు అడుగుతాడు, అంకెల్ని పాతవాటితో పోల్చి చూస్తాడు, అంతే. బాకీదారులకి ఉత్తరాలు రాసి నిర్ధారించుకోడు. చివర "సరిగ్గా ఉన్నాయి" అని చెప్పడు, "సరిగ్గా లేవనిపించేది ఏదీ మా దృష్టికి రాలేదు" అంటాడు. ఆ రెంటికీ మధ్య చాలా దూరం ఉంది.

మా క్లయింటు లిస్టెడ్ కంపెనీ. క్వార్టర్ మధ్యలో వాళ్ల ప్లాంటు ఆగిపోయిందని మనకే ముందు తెలుస్తుంది. ఆ షేర్లు అమ్ముకోవచ్చా?

వద్దు బాబూ. బయటికి రాని సంగతి తెలిసి చేసే లావాదేవీ ఇన్‌సైడర్ ట్రేడింగే, నువ్వు ఆ కంపెనీ ఉద్యోగివి కాకపోయినా.

ఈ పనికి ఒడియా రావాలా?

మాట్లాడటానికి తెలుగు, హిందీతో రాయగడలో బండి నడిచిపోతుంది. మజ్జి గౌరమ్మ గుడి దగ్గరైతే సగం మంది మన విజయనగరం వాళ్లే కనబడతారు. కానీ అంకెలు నేర్చుకోండి. సైట్ దగ్గర బండ్లవాళ్లు, మెస్ వాళ్లు ఇచ్చే చేతిరాత బిల్లుల్లో ఒడియా అంకెలు ఉంటాయి. ఒడియా నాలుగు చూడటానికి అచ్చం మనం రాసే 8 లాగే ఉంటుంది. రూ.4,200 ట్యాక్సీ బిల్లుని రూ.8,200గా ఎక్కించి, క్లోజింగ్ రోజు రాత్రి పదకొండు దాకా ఆ రూ.4,000 తేడా కోసం వెతికినవాళ్లు మా ఆఫీసులో ముగ్గురున్నారు. మొదటివాణ్ణి నేనే.